పడవ అడుగున రాగి పలకలు

మా స్టాక్‌హోం రేవులో పడవ మదాంల నోటికి జడవని మగవాడు లేడు. మొగుళ్ళు ఓడల మీద పోయి తిరిగి రాని ఆడవాళ్ళకి పట్టణంవారు దయతలచి చూపించిన బతుకుతెరువు అది. ఒక పడవ, తెడ్లు, రేవులో కాస్త చోటు. సోడెర్మాల్మ్ కొండ కింద నుంచి యూర్‌గార్డెన్ దీవికీ, అక్కణ్ణించి రాజుగారి కోట కింది రేవుకీ పొద్దస్తమానం జనాన్ని చేరవేస్తారు. బేరం కుదిరితే ఒక తిట్టు, కుదరకపోతే రెండు. నీళ్ళ మీద చలిగాలికి ఒళ్ళు వెచ్చబడాలంటే తిట్టుకోవడం కన్నా చవకైన దారి లేదని వాళ్ళ నమ్మకం. ఇన్నేళ్ళు వాళ్ళ పడవలెక్కిన నేను కాదనలేను.

వాళ్ళలో వెండెలా ఎక్కువ తిట్టే మనిషి కాదు. పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. ముక్కుపొడుం పీల్చి పీల్చి పై పెదవి మీద ఎప్పుడూ ఒక గోధుమరంగు చార. మాట తక్కువ, కానీ ఆ ఉన్న మాటా తగలాల్సిన చోటే తగిలేది. ఒకసారి ఒక సైనికాధికారి పడవ దిగి, మీసం దువ్వుకుంటూ, డబ్బులు రేపు ఇస్తానన్నాడు.

"రేపటిదాకా బతికుంటారని ఎవరు పూచీ దొరా? మీ ఆవిడా?" అంది వెండెలా. "ఆవిణ్ణే అడుగుదామంటే నిన్న ఇదే పడవలో ఎవరితోనో వెళ్ళింది."

రేవంతా పగలబడి నవ్వింది. అధికారి జేబులో ఉన్న చిల్లరంతా పడవలోకి విసిరి, వెనక్కి చూడకుండా పోయాడు. నిజానికి వెండెలా అతని భార్యని ఎన్నడూ చూడలేదు.

ఆమె పుట్టింది సముద్రంలోని బయటి దీవుల్లో, హెర్రింగ్ చేపల వలల మధ్య. పెళ్ళి చేసుకున్నది లాంబెర్ట్ అనే కళాసీని. పోర్చుగల్ నుంచి ఉప్పు తెచ్చే ఓడ అతనిది. ఒక ఏడాది ఆకులు రాలే వేళకి ఓడ వచ్చింది, ఉప్పు వచ్చింది, లాంబెర్ట్ రాలేదు. ఓడ యజమాని గుమాస్తా ఆమెను పిలిపించి, మొగుడికి రావలసిన జీతం రాగి పలకల్లో తెచ్చి నేల మీద పేర్చాడు. అప్పట్లో మాకు పెద్ద డబ్బంటే అదే. చదరంగా కత్తిరించిన మందపాటి రాగి పలక, నాలుగు మూలలా కిరీటం ముద్ర, నడుమ ఎన్ని దాలర్లో చెప్పే ముద్ర. పెద్దదైతే ఒక్కొక్కటీ పురిటిబిడ్డంత బరువు. గుమాస్తా జాలిపడి కూలివాణ్ణి పిలవమంటావా అని అడిగాడు.

"మా ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళడానికి కూలివాడెందుకు," అని, వెండెలా ఆ పలకల్ని గోనెలో వేసి, తాడు భుజాలకి కట్టుకుని, వంగిపోయి కొండెక్కింది. తాడు ఒరుసుకున్న మచ్చ ఆమె ఎడమ భుజం మీద చివరిదాకా ఉండిపోయింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే పట్టణంవారి దగ్గరికి వెళ్ళి తెడ్డు పట్టుకునే అనుమతి అడిగింది.

సబీనా ఆమెతో కలిసింది అది జరిగిన కొన్నేళ్ళకి. వెండెలా కన్నా పదేళ్ళు చిన్నది, గుండ్రంగా, మెత్తగా, నవ్వితే ఒళ్ళంతా కదిలే మనిషి. ఆమె మొగుడు చనిపోలేదు, పారిపోయాడు. అయినా పట్టణంవారి దగ్గర చనిపోయాడనే చెప్పి అనుమతి తెచ్చుకుంది. "ఒక్క ఓరె చిల్లర కూడా పంపనివాడు బతికుంటేనేం, చస్తేనేం అక్కా," అనేది. ఆమెకి ఎలియాస్ అని ఒక్కడే కొడుకు. ఇద్దరు ఆడవాళ్ళూ కలిసి ఒక పాత పడవ కొన్నారు. ఒకే బల్ల మీద పక్కపక్కనే కూర్చునేవారు. కుడి తెడ్డు వెండెలాది, ఎడమ తెడ్డు సబీనాది. అలా కూర్చున్నవాళ్ళు ఇరవై ఏళ్ళు లేవలేదు.

ఖాళీ పడవ గాలికి నిలవదు. అడుగున బరువుండాలి. అందుకని రేవులో అందరూ పడవల్లో రాళ్ళు వేసుకునేవారు. వెండెలాకి అది దండగ పనిగా తోచింది.

"రోజంతా రాళ్ళని ఊరేగించడం దేనికే?" అంది ఒకనాడు. "మోసేదేదో మన డబ్బునే మోద్దాం."

సబీనా మొదట నవ్వింది, తర్వాత ఆలోచించింది. అద్దెగదిలో పెడదామంటే ఇంటివాడి చెయ్యి మంచిది కాదు. బ్యాంకులో పలకలిచ్చి కాగితం తీసుకోవచ్చు గానీ, పొద్దున లేస్తే నీళ్ళలో నానే మనుషులకి కాగితం డబ్బేం డబ్బు. అందుకని ఎవరి పలకలు వాళ్ళు తారు గుడ్డలో చుట్టి, ఎవరి వైపు వాళ్ళు, కాళ్ళ కింద అడుగుచెక్క తీసి పెట్టి, మళ్ళీ మేకులు కొట్టేశారు. చిల్లర కూడినప్పుడల్లా దాన్ని ఇచ్చి ఒక పలక తెచ్చుకుని అందులో చేర్చేవారు. దొంగ వచ్చినా ఆ బరువుతో పరుగెత్తలేడు. పైగా రాత్రుళ్ళూ చలికాలమంతా పడవ షెడ్డులో ఉండేది. అక్కడ కర్రకాలు ఫ్రిస్క్ అనే ముసలి సిపాయి కాపలా. పడవ గట్టుకి తగిలినప్పుడల్లా అడుగున రాగి చిన్నగా మోగేది.

ఈ సంగతి రేవులో అందరికీ తెలుసు. పెట్రొనెల్లా అని, రేవు మొత్తానికి నోరున్న మనిషి, రోజూ ఏదో ఒకటి అనేది. "అదృష్టమంటే వీళ్ళదేనమ్మా, డబ్బు మీద కాళ్ళు పెట్టుకు కూర్చుంటారు. అయినా సబీనా వైపు పలకలు దేనికే, దాని పిర్రలున్నాయిగా."

"నీ నాలుక మా పడవలో వేస్తే చాలు, ఇంకే బరువూ అక్కర్లేదు," అనేది వెండెలా, తెడ్డు ఆపకుండానే.

వాళ్ళిద్దరి మధ్యా ఒకటే కట్టుబాటు. ఒకరి అడుగుచెక్క ఒకరు ఎత్తకూడదు. ఎవరు పెట్టారో తెలియదు, ఎవరూ పైకి అనుకోలేదు, కానీ అది చర్చి ప్రమాణం కన్నా గట్టిగా నిలిచింది.

ఆ పలకలు దేనికోసమో చెప్పాలి. కొండ మీద చర్చివారి ముసలమ్మల ఇల్లు ఒకటుంది. ముందుగా కొంత సొమ్ము కడితే బతికినన్నాళ్ళూ ఒక మంచం, పొయ్యిలో కట్టెలు, గిన్నెడు సూపు. గురువారం బఠాణీ సూపులో పంది ముక్క కూడా పడుతుంది. గదికి రెండు మంచాలు. సొమ్ము కట్టలేనివాళ్ళు పోయేది ఊరి బీదల శాలకి, గడ్డి మీద, వరసగా, ఎవరి పక్కన పడితే వాళ్ళ పక్కన. వెండెలాకి ఆకలన్నా చలన్నా భయం లేదు, ఆ వరసంటే భయం.

"ముక్కూమొహం తెలియనిది పక్కన పడుకుని రాత్రంతా దగ్గుతుంటే నేను వినలేను," అనేది. "నువ్వైతే దగ్గు. నీకు దగ్గు ఎట్టా మొదలవుద్దో ఎక్కడ ఆగుద్దో నాకు తెలుసు."

"నేను గురక కూడా పెడతానక్కా."

"అదీ తెలుసు. పడవలోనే పెడతావుగా."

అలా రెండు మంచాలకీ సరిపడా పలకలు కూడాయి. ఇంకొక్క ఏడాది, రెండేళ్ళు అని వాయిదా వేసుకుంటూ వచ్చారు, ఎందుకంటే కాళ్ళూ చేతులూ ఆడుతున్నంతకాలం ఏ పడవ మదాం కూడా తనంతట తాను రేవు విడిచి పోదు.

ఒక చలికాలం ఎలియాస్ గొడవ వచ్చింది. వాడు సైన్యంలో చేరి ఉన్నాడప్పటికి. వాడంటే వెండెలాకి గిట్టదు. గడ్డాలు రాని వయసులోనే వీళ్ళ తెడ్లు రెండూ ఎత్తుకుపోయి సారాకి అమ్మేశాడు. ఆ రోజు వెండెలా వాణ్ణి తిట్టిన తిట్లకి పెట్రొనెల్లా సైతం పక్కన నిలబడి నేర్చుకుంది. ఇప్పుడు వాడు తాగి ఒక హవల్దారుని కొట్టాడని రేవులో చెప్పుకున్నారు. అలాంటివాణ్ణి రెండు వరసల సిపాయిల మధ్య పరుగెత్తిస్తారు, రెండు పక్కల నుంచీ బెత్తాలు పడతాయి. అందరూ బతికి బయటికి రారు. జరిమానా కట్టగలిగితే తప్పించుకోవచ్చు. కొన్నాళ్ళకి ఎలియాస్ గొడవ ఎలాగో సర్దుబాటైందని తెలిసింది. ఎలా సర్దుబాటైందని వెండెలా అడగలేదు, సబీనా చెప్పలేదు.

వసంతంలో మంచు విడిపోయి, పడవల్ని నీళ్ళలోకి తోసిన రోజు, ఇద్దరూ ఎక్కి తమ చోట్లలో కూర్చున్నారు. పడవ కుడివైపుకి ఒరిగింది. వెండెలా వైపు.

"ఏంటే ఇది?"

"చలికాలం చిక్కిపోయాను కదక్కా," అంది సబీనా, నీళ్ళవైపు చూస్తూ.

వెండెలా ఆమె నడుం చూసింది. చలికాలం ఆ చుట్టుపక్కలకి వచ్చిన జాడ లేదు. అంతే, ఆమెకి మొత్తం అర్థమైపోయింది. జరిమానా ఎక్కణ్ణించి వచ్చిందో, సబీనా కాళ్ళ కింద ఇప్పుడేముందో, ఏం లేదో. తెడ్డు నీళ్ళలో దించింది. తర్వాత, "కాస్త ఎడమకి జరుగు," అని మాత్రం అంది.

మర్నాడు ఆమె వచ్చేసరికి సబీనా అప్పటికే షెడ్డులో ఉంది. అంత పెందలాడే సబీనా లేవడం ఇరవై ఏళ్ళలో లేదు. పడవ నీళ్ళలోకి దిగితే సరిగ్గానే నిలబడింది. కానీ గట్టుకి తగిలినప్పుడు కుడివైపు రాగి మోగింది, ఎడమవైపు మొద్దుగా కొట్టుకుంది. రాళ్ళు. వెండెలా విననట్టు ఊరుకుంది.

ఆ పలకలు సబీనావి, కొడుకు సబీనా కొడుకు. అందులో తను అనేదేమీ లేదని వెండెలాకి తెలుసు. ఆమెకి మండినది వేరే. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చున్న మనిషి ఒక్క ముక్క చెప్పలేదు, రాళ్ళు తెచ్చి పెట్టింది. ఆ రాళ్ళు ఎంత బరువుంటే సరిపోతాయో తూచుకుని మరీ పెట్టి ఉంటుంది. అది తలుచుకున్నప్పుడల్లా వెండెలా తెడ్డుని నీళ్ళలో గట్టిగా పొడిచేది. అడగకూడదని పట్టుపట్టింది. చెప్పాల్సింది సబీనా, చెప్పేదాకా తను నోరు మెదపదు.

వేసవంతా అలాగే గడిచింది. "ఎలియాస్ ఎలా ఉన్నాడే?" అని అడిగేది ఉండుండి.

"బాగానే ఉన్నాడక్కా. ఫిన్లండ్ పంపారు."

"అక్కడ తెడ్లు జాగ్రత్తగా దాచుకోమని చెప్పాలి."

సబీనా నవ్వేది, ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయేది. మధ్యాహ్నం రొట్టెలోకి వేయించిన హెర్రింగ్ పంచుకుంటే పెద్ద చేప వెండెలా వైపు జరిపేది. ఆ ఏడాది వెండెలా మణికట్లు వాచి, పొద్దున్నే వేళ్ళు ముడవడానికి కూడా రాకుండా పోయాయి. సబీనా ఏమీ అనకుండా ఎడమ తెడ్డు గట్టిగా లాగడం మానేసింది, పడవ ఒక పక్కకి తిరిగిపోకుండా వెండెలా బలానికి తగ్గట్టు తన చెయ్యి ఆడించేది. బరువైన బేరం వస్తే మాత్రం రెండు తెడ్లూ తనే అందుకునేది. ఆదివారాలు ఎక్కడో బట్టలుతికే పనికి కూడా పోతోందని పెట్రొనెల్లా చెప్పింది. ఇంత చేసే మనిషి ఆ ఒక్క మాట ఎందుకు చెప్పదో వెండెలాకి అంతుపట్టలేదు. నా నోటికి భయపడిందనుకుంది. అనుకుని, ఇంకా మండిపడింది.

చలికాలం మళ్ళీ దగ్గరపడుతుండగా ఒక ఆదివారం పాస్టరుగారు ప్రసంగం ముగించి, రాజుగారి ప్రకటన చదివారు. కొత్త ఏడాది నుంచి రాగి పలకలు డబ్బుగా చెల్లవు, ఉన్నవాళ్ళు ఈలోగా బ్యాంకులో ఇచ్చి కొత్త నాణేలు తీసుకోవాలి. చర్చి బయటికి రాగానే ఆడవాళ్ళంతా ఒకచోట మూగారు.

"రాత్రికి రాత్రి రాగి రాగి కాకుండా పోద్దా?" అంది ఒకామె.

"రాజుగారికి నడుం పట్టేసుంటది," అంది పెట్రొనెల్లా. "ఆయన మోసుంటే గదా."

ముసలమ్మల ఇంటి పెద్ద, హెడ్విగ్ అమ్మ, అదే రోజు వెండెలాని పక్కకి పిలిచింది. కింది అంతస్తులో, పొయ్యికి దగ్గరగా ఉన్న గది ఖాళీ అయిందని చెప్పింది. చర్చి పలకలతో పాటు వీళ్ళవి కూడా బ్యాంకుకి పంపించేస్తుంది, ఇప్పుడైతే పలకల్లోనే పుచ్చుకుంటుంది. శనివారం దాకా గది ఎవరికీ ఇవ్వదు. ఆ తర్వాత అడిగేవాళ్ళు చాలామంది ఉన్నారు.

వెండెలా వచ్చి సబీనాతో చెప్పింది. చెబుతూ ఆమె మొహమే చూసింది. "శనివారం చెక్కలు ఎత్తుదాం."

"ఎత్తుదామక్కా," అంది సబీనా. మొహంలో రక్తం లేదు.

ఆ వారమంతా వెండెలా ఎదురుచూసింది. రోజూ తెడ్డేస్తూ, ఇప్పుడు చెబుతుంది, ఈ మలుపు తిరిగాక చెబుతుంది అనుకునేది. ఒకసారి సబీనా నోరు తెరిచి, "అక్కా," అంది. వెండెలా తెడ్డు ఆపేసింది. అంతలో గట్టు మీద నుంచి ఎవరో బేరానికి కేకేశారు. సబీనా పడవ అటు తిప్పింది.

శనివారం రేవులో పండగలా ఉంది. ఇరవై ఏళ్ళు కాళ్ళ కింద నలిగిన డబ్బు బయటికి తీస్తున్నారంటే ఎవరు చూడకుండా ఉంటారు. పెట్రొనెల్లా ఎక్కణ్ణించో చేతిబండి తెచ్చింది, మేకులు పీకడానికి ఇనుప కడ్డీ కూడా తెచ్చింది. షెడ్డు గుమ్మంలో ఫ్రిస్క్ కర్రకాలు చాపుకు కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. వెండెలా తన వైపు చెక్క ఎత్తింది. తారు గుడ్డ విప్పితే పలకలు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి, అయినా మూలల్లో కిరీటాలు కనిపిస్తున్నాయి. ఆడవాళ్ళు ఒక్కొక్కటీ అందుకుని బండిలో పెట్టారు.

"ఇంక నీదే సబీనా," అంది పెట్రొనెల్లా.

సబీనా కదల్లేదు. చలికి కొయ్యబారిపోయినట్టు నిలబడి ఉంది. "చేతులు రావట్లేదా? జరుగు," అని పెట్రొనెల్లా తనే కడ్డీ దూర్చి చెక్క ఎత్తేసింది. తారు గుడ్డ లాగింది. రేవులో దొరికే మామూలు నల్లరాళ్ళు.

అందరికన్నా ముందు తేరుకున్నది పెట్రొనెల్లానే. ఆమె వెనక్కి తిరిగి షెడ్డు వైపు చూసింది.

"చలికాలమంతా పడవ దగ్గరున్నది ఎవరు? ఆ కుంటోడు కాదూ?"

"నేనా?" అన్నాడు ఫ్రిస్క్, చుట్ట నోట్లోంచి తీసి. "నేనా పలకలెత్తేది? నా కాలే నేను మొయ్యలేను."

"ఒక్కొక్కటీ మోసుంటావు. చలికాలం పొడుగేగా."

ఇద్దరు ముగ్గురు వెళ్ళి అతని చొక్కా పట్టుకున్నారు. కర్రకాలు జారి ముసలివాడు నేల మీద పడ్డాడు. ఎవరో సుంకం కాపలావాణ్ణి పిలవడానికి పరుగెత్తారు. ఆ సుంకంవాడు వస్తే ఫ్రిస్క్ సంగతి అంతే. ఉద్యోగం పోతుంది, ఏ చెరలోనో చలికాలం దాటకుండానే పోతాడు. వెండెలా సబీనా వైపు చూసింది. సబీనా నోరు తెరిచింది గానీ మాట రావడం లేదు. రాదని వెండెలాకి అర్థమైంది.

"వాణ్ణి వదలండి," అంది. "నేనే తీశాను."

రేవు ఒక్కసారి ఆమె వైపు తిరిగింది.

"సబీనా పలకలు నేనే తీసి నా కింద పెట్టుకున్నా. రాళ్ళూ నేనే పెట్టా. ఆ బండిలో సగం దానివే. చాలా? ముసలాణ్ణి లేపండి."

పెట్రొనెల్లా ఆమెని కింద నుంచి పైదాకా చూసింది. ఇరవై ఏళ్ళు రోజూ ఎత్తిపొడిచిన మనిషి ఆ రోజు ఎత్తిపొడవలేదు. "దాని చెక్క నువ్వెత్తావా," అంది మెల్లగా. తర్వాత నేల మీద ఉమ్మి, కడ్డీ తీసుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళూ ఒకరొకరే జరిగిపోయారు. ఫ్రిస్క్‌ని లేపి కూర్చోబెట్టారు. బండి లాగడానికి సాయం ఎవరూ రాలేదు.

ఇద్దరే లాక్కుంటూ కొండెక్కారు. రాళ్ళు పరిచిన దారిలో బండి చక్రాలు గొడవ చేస్తున్నాయి, అదే మేలైంది. సగం దూరంలో వెండెలా ఊపిరి అందక ఆగింది.

"ఎలియాస్‌కి ఎన్ని దెబ్బలు పడాల్సింది?" అంది.

సబీనా ఉలిక్కిపడింది. "నీకు తెలుసా?"

"పడవ ఒరిగిన రోజే తెలుసు."

"మరి అడగలేదేం అక్కా?"

"నువ్వు చెబుతావని." వెండెలా ముక్కుపొడుం తీసింది, వేళ్ళు పట్టు దొరక్క సగం కిందపోయింది. "ఫ్రిస్క్‌ని కిందేసి తొక్కుతుంటే కూడా నోరు పెగల్లేదు నీకు."

"చెప్పబోతున్నా. నువ్వు ముందు అనేశావు."

"నువ్వు చెప్పేదాకా ఆగితే వాడి రెండో కాలు కూడా కొయ్యదయ్యేది."

సబీనా ఏడుస్తూనే నవ్వింది. వెండెలా నవ్వలేదు. "నేను తిడతాననేగా చెప్పలేదు?"

"నీ తిట్లకి భయపడేదాన్నైతే ఇన్నేళ్ళు నీ పక్కన కూర్చునేదాన్నా?"

"మరి దేనికి?"

సబీనా బండి కర్ర అందుకుంది. మళ్ళీ ఎక్కారు.

హెడ్విగ్ అమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. వాళ్ళ కన్నా కబురు ముందే కొండెక్కింది, ఆమె మొహం చూస్తే తెలుస్తూనే ఉంది. పలకల్ని లోపలికి చేర్పించి, చూసి, ఇవి ఒక్క మంచానికే వస్తాయంది. అవసరం లేకపోయినా రెండోసారి చూసింది.

"ఇందులో సగం సబీనావని విన్నాను," అంది, వెండెలా మొహం చూడకుండా. "మీలో మీరు తేల్చుకోండి. ఎవరి పేరు రాయను?"

వెండెలా కొండెక్కుతూనే తేల్చుకుంది. తన మణికట్లు ఎటూ అయిపోయాయి, ఇంకెన్నాళ్ళుంటుంది గనుక. సబీనాకి అయితే ముందు చాలా ఏళ్ళున్నాయి, చేతిలో ఒక్క పలక లేదు, ఆ కొడుకు తిరిగొస్తే ఒంటి మీది గుడ్డ కూడా మిగలనివ్వడు. బీదల శాలలో గడ్డి మీద సబీనాని ఊహించుకోవడం ఆమె వల్ల కాలేదు. ఆ వరస అంటే తనకున్న భయం ఆ క్షణంలో ఎటు పోయిందో ఆమెకే తెలియదు. చెప్పడానికి నోరు తెరిచింది.

"అవన్నీ అక్కవే," అంది సబీనా.

ఆ రోజు మొత్తంలో ఆమె గట్టిగా మాట్లాడింది అప్పుడే. "నావి నా కొడుకు జరిమానాకి పోయాయి. రాళ్ళు పెట్టింది నేను. రేవులో అక్క చెప్పింది అబద్ధం, ఫ్రిస్క్‌ని కొడుతున్నారని చెప్పింది. అక్క పేరు రాయండమ్మా."

హెడ్విగ్ అమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. సబీనా వెండెలా వైపు తిరిగింది.

"దేనికి చెప్పలేదని అడిగావుగా. ఇందుకే. చెబితే మర్నాడే నీ చెక్క ఎత్తి, నీవి తీసి నా వైపు పెట్టేదానివి. వాడి మొహం చూసి కాకపోయినా నా మొహం చూసి. ఇప్పుడు నువ్వు ఏం పేరు చెప్పబోయావో నాకు తెలీదనుకున్నావా? మళ్ళీ కూడబెట్టి నా పలకలు నేనే పెట్టేద్దామని ఆదివారాలు కూడా చాకిరీ చేశానక్కా. ఒక్కటి కూడా కూడలేదు."

వెండెలాకి కోపం వచ్చింది. ఏడాదంతా వచ్చిన కోపమంతా కలిపినా ఇంత కాదు. ఎందుకంటే సబీనా అన్నది నిజం. అడిగి ఉంటే, కాదు, అడక్కుండానే తను ఆ పని చేసి ఉండేది. ఇప్పుడు తను సబీనా పేరు చెబితే, ఏడాదిపాటు సబీనా నోరు నొక్కుకుని రాళ్ళ మీద కాళ్ళు పెట్టుకు కూర్చున్నదంతా నీళ్ళపాలు.

లాంబెర్ట్ పోయినప్పటి నుంచీ ఆమె ఎవరి దగ్గరా ఏదీ పుచ్చుకోలేదు. ఎలా పుచ్చుకోవాలో కూడా మరిచిపోయింది.

"వెండెలా," అంది చివరికి. తర్వాత తండ్రి పేరు కూడా చేర్చింది. "వెండెలా మాట్స్‌డొట్టెర్ అని రాయండి."

అని, ఉన్నచోటే, పరాయి మనిషి ముందు, వాచిన చేతులతో మొహం కప్పుకుని ఏడ్చింది. సబీనా ఆమె భుజం మీద చెయ్యి వేసి, తాడు మచ్చ ఉన్న చోటే కాసేపు నిమిరింది. తర్వాత బయటికి వెళ్ళి ఖాళీ బండి తిప్పుకుంది.

"ఎక్కడికే?" అంది వెండెలా, గుమ్మంలోకి వచ్చి.

"రేవుకి. అక్కడ నిన్ను దొంగంటున్నారు."

"అనుకోనీ. నేనింక దిగి వెళ్ళేదాన్ని కాదుగా."

"నేను దిగుతాగా అక్కా."

"పెట్రొనెల్లా నిన్ను నీళ్ళలోకి తోస్తుంది. ఫ్రిస్క్ సంగతి తెలిస్తే నీతో తెడ్డేసేవాళ్ళు కూడా ఉండరు."

"తెలుసు."

కిందికి దారి వాలుగా ఉంది, ఖాళీ బండి ముందుకి లాగేస్తుంటే సబీనా వెనక్కి వాలి, దాన్ని పట్టి ఆపుకుంటూ దిగుతోంది. వెనక నుంచి హెడ్విగ్ అమ్మ, చలి లోపలికి వస్తోంది తలుపు వెయ్యమంది. వెండెలా తలుపు పట్టుకుని నిలబడే ఉంది. కేకేసి పిలవాలనిపించింది. పిలిస్తే సబీనా ఆగిపోతుందని ఆమెకి తెలుసు, అందుకే పిలవలేదు.